పిచ్చుక పళ్ళ కొలతలు

జూన్ 20

అక్కకి,

నీ కూతురు పిచ్చుక క్షేమంగా చేరింది. పదహారు గంటల ప్రయాణంలో బావ చెప్పిన జాగ్రత్తలన్నీ రైలు దిగగానే నాకు ఒప్పజెప్పింది. నువ్వు కుట్టి పంపిన ఆరు గౌన్లూ బీరువాలో పెట్టాను. మా బడిలో వారమంతా యూనిఫారమే అని ముందే రాశాను. నువ్వు వింటేగా.

నిన్న పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఫోటోలు, ఎక్స్‌రే తీసి, నోటి అచ్చు కూడా తీసుకుంది. అచ్చు కోసం నోటినిండా చల్లటి ముద్ద పెట్టి, గట్టిపడేదాకా కదలొద్దంటారు. చిన్నప్పుడు నాకైతే వాంతి వచ్చింది. ఇది కిక్కురుమనకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

దానికి పై పళ్ళు ఎత్తు అని మనం అనుకుంటున్నాం కదా, అసలు సంగతి అది కాదట. పై పళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయి, కింది దవడ వెనక ఉండిపోయింది. అందుకని ముందు పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య పది మిల్లీమీటర్ల దూరం ఉంది. రెండో మూడో ఉండాలి మామూలుగా. పైగా నోరు మూస్తే కింది పళ్ళు వెళ్ళి అంగిట్లో గుచ్చుకుంటున్నాయి. అక్కడ చిన్న పుండు ఉంది. నీకెప్పుడైనా చెప్పిందా? నాకు మొదటిరోజే చెప్పింది.

పన్నెండేళ్ళు మంచి వయసు అంది డాక్టరు. ఎముక ఎదిగే ఈ ఏడాదీ ఏడాదిన్నరలోనే దవడని ముందుకు తేవచ్చు. ఆ ఎదుగుదల ఆగిపోయాక మాత్రం ఇలా నోట్లో పెట్టుకునే ప్లేట్లతో కుదరదు. పోగొట్టుకున్న నెలలు తిరిగి రావని రెండుసార్లు చెప్పింది. నేను లెక్కల టీచర్ని కదా, ఒకసారి చెప్పినా అర్థమయ్యేది.

నీ చెల్లి

జూన్ 29

చెల్లికి,

నీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతూ లాయరుగారి నల్లకోటు చేతిని తిరగేసి కుట్టేశాను. ఇప్పుడు విప్పుకుంటున్నాను. ఆయన ఆర్నెల్లకోసారి లావవుతాడు, నేను ఆర్నెల్లకోసారి వదులు చేస్తాను. మా ఇద్దరికీ అదొక అలవాటు.

పుండు సంగతి నాకు చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? నాకూ ఉంది అలాంటిది, ఊహ తెలిసినప్పటినుంచీ. అందరి నోళ్ళూ అంతేననుకున్నాను, అదీ అంతేననుకుని ఉంటుంది. నీకు మొదటిరోజే చెప్పిందని మాత్రం ఎంత మురిసిపోయి రాశావో.

మనిద్దర్నీ నాన్న ఒకేరోజు తీసుకెళ్ళాడు, నీకు గుర్తుందో లేదో. నీకు పదకొండు, నాకు పదహారు. ఆ డాక్టరు నా నోట్లోకి ఒక్కసారి చూసి, పెద్దమ్మాయికి ఆలస్యమైపోయింది అన్నాడు. నీ నోట్లోకి అరగంట చూశాడు. ఆ అరగంటా నేను వరండాలో బెంచీ మీద కూర్చుని పాత పత్రికలో బొమ్మలు చూశాను. రెండేళ్ళకి నువ్వు అందగత్తెవయ్యావు. నేను కొబ్బరికోరుగానే మిగిలాను. బళ్ళో నన్ను పిలిచిన పేరు అది, నువ్వు మర్చిపోయి ఉంటావు.

దర్జీలందరూ దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపుతారు. నా ముందు పళ్ళు కలవవు కాబట్టి దారం ఆ సందులోంచి జారిపోతుంది. అందుకే ఇరవై ఏళ్ళుగా నా మెడలో చిన్న కత్తెర వేలాడుతూ ఉంటుంది. చూసినవాళ్ళు అది నా దర్జా అనుకుంటారు.

నా కూతురు నాలా మిగిలిపోకూడదనే నీ దగ్గరికి పంపాను. అది గుర్తుపెట్టుకో. చేతులు పట్టుకుని కూర్చోవడానికి కాదు.

అక్క

ఆగస్టు 12

అక్కకి,

నీ ఉత్తరం చూసి నెల రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. దాని చెయ్యి నేను పట్టుకోలేదు, అదే నా చెయ్యి పట్టుకుంది. అయినా సరే, వచ్చేసారి జేబులో పెట్టుకుంటాను.

ప్లేట్లు వచ్చాయి. గులాబీరంగువి, పైకొకటి, కిందికొకటి. పళ్ళని పట్టుకోవడానికి పక్కల సన్నటి వైరు కొక్కేలుంటాయి. రెండింటికీ ఏటవాలు గట్లున్నాయి. నోరు మూసినప్పుడల్లా ఒక గట్టు మీంచి ఇంకోటి జారి, కింది దవడ ముందుకు వచ్చి తీరాలి. రాత్రీ పగలూ, తినేటప్పుడు కూడా ఉండాల్సిందే. తోముకునేటప్పుడు మాత్రం తీయొచ్చు. మొదటి వారం దవడ నొప్పి, బుగ్గ లోపల గీరుకోవడం, తలగడ నిండా చొంగ. రోజుకి రెండు తలగడ గలీబులు ఉతికాను. ఇప్పుడు సర్దుకుంది. కొలత తొమ్మిది.

మొన్న ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు అది స్నానం చేస్తోంది. అందుకే రాలేదు, వేరే ఏమీ లేదు.

ఉంటాను,
నీ చెల్లి

అక్టోబరు 3

చెల్లికి,

వరసగా ఏడు ఆదివారాలు. సరిగ్గా పదింటికి చెప్పుల దుకాణం వాళ్ళ ఫోను దగ్గర నిలబడతాను. ఆయన బేరం ఆపుకుని మరీ నాకు స్టూలు వేస్తాడు. ఏడుసార్లూ అది స్నానమే చేస్తోంది. మీ ఊళ్ళో పిల్లలు ఆదివారం పదింటికి తప్ప ఒళ్ళు తడుపుకోరా?

నాతో మాట్లాడడం దానికి ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయి. తట్టుకుంటాను. నీకు ఇష్టం లేకపోతే అదీ రాయి.

నువ్వు పంపిన ఫోటో చేరింది. పక్కనుంచి తీసినట్టున్నావు. గడ్డం ముందుకి వచ్చింది, పెదాలు మూసుకుంటున్నాయి. బాగుంది, కాదనను. చెప్పులాయనకి చూపిస్తే, అచ్చం మీ చెల్లెలిగారి పోలికండీ అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఉన్నమాటే అన్నాడు. మొహంలో నాది అంటూ దాని దగ్గర ఉన్నది ఆ నోరొక్కటే. కళ్ళు వాళ్ళ నాన్నవి, జుట్టు మా అత్తగారిది. ఆ నోరు కాస్తా నీది చేసి పంపుతావన్నమాట.

ఇలా రాయకూడదని తెలుసు. చింపేసి మళ్ళీ రాస్తే మళ్ళీ ఇదే వచ్చింది.

డిసెంబరు సెలవులకి దాన్ని పంపు. నెలరోజులూ నా దగ్గరే ఉండాలి.

అక్క

నవంబరు 21

అక్కకి,

పంపుతున్నాను. కొలత ఆరు. ఐదు నెలల్లో నాలుగు మిల్లీమీటర్లు! డాక్టరు తన దగ్గర పనిచేసేవాళ్ళని పిలిచి మరీ చూపించింది. నేను క్లాసులో నూటికి నూరు వచ్చిన పిల్లని చూసినట్టు చూసుకుంటున్నాను.

ఒక్కటే షరతు. ప్లేట్లు తీయనివ్వకు. కొక్కెం గుచ్చుకుంటే నాకు ఫోను చెయ్యి, డాక్టరుని అడిగి చెబుతాను. నెల అంటే మనకి నెలే, దాని ఎముకకి చాలా ఎక్కువ.

ఇల్లు ఇప్పుడే బోసిగా ఉంది, అది ఇంకా పక్కగదిలో పెట్టె సర్దుకుంటోంది.

నీ చెల్లి

డిసెంబరు 28

చెల్లికి,

పిచ్చుక బాగా తింటోంది, బాగా నిద్రపోతోంది. పొద్దస్తమానం మిషను పక్కన కూర్చుని కబుర్లు చెబుతోంది. ఏడు ఆదివారాల కబుర్లు బాకీ కదా. ప్లేట్ల గురించి నువ్వేమీ బెంగపెట్టుకోకు, అంతా సవ్యంగానే ఉంది. లాయరుగారి కోటు మళ్ళీ వచ్చింది.

అక్క

జనవరి 16

అక్కకి,

ఎనిమిది. తప్పు కొలిచారేమోనని మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ ఎనిమిదే.

కింది ప్లేటుకి ఒక పక్క కొక్కెం వంగిపోయి ఉంది, పంటిని పట్టుకోవడం లేదు. ఎలా వంగిందని అడిగితే, పొరపాటున దాని మీద కూర్చున్నాను అంది. ఎన్నాళ్ళు పెట్టుకోలేదని అడిగితే తల వంచుకుంది. డాక్టరు నెమ్మదస్తురాలు కాబట్టి కోప్పడలేదు. మళ్ళీ అచ్చు, మళ్ళీ కొత్త ప్లేటు, పోయిన నెలలు పోయినట్టే, ఇంకోసారి ఇలా జరిగితే తను చేయగలిగింది పెద్దగా ఉండదు అంది.

ఇంటికి వచ్చాక నాకు ఒళ్ళు తెలియలేదు. నువ్వొట్టి మొద్దువి, నీకోసం ఇంతమంది తాపత్రయపడుతుంటే నీకు లక్ష్యం లేదు అని అరిచాను. చెంప మీద ఒకటి వేశాను. క్లాసులో ఇన్నేళ్ళలో ఒక్క పిల్లని కొట్టలేదు నేను. అది ఏడవలేదు. అప్పటినుంచీ నాతో మాట్లాడడం లేదు. చెప్పిన పని చేస్తుంది, పెట్టింది తింటుంది, అంతే.

నీ ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు చూసుకోలేదా? అంతా సవ్యంగానే ఉందని ఎలా రాశావు?

నీ చెల్లి

జనవరి 23

చెల్లీ,

దాని మీద ఇంకోసారి చెయ్యెత్తకు. కొక్కెం వంచింది నేను.

స్టేషన్లో దిగి నన్ను చూసి తల ఊపింది, నోరు విప్పలేదు. రిక్షాలో కూడా అంతే. ఏం అడిగినా తల ఊపడమే. పరాయి పిల్లలా ఉంది. ఇంటికి వచ్చి స్నానాలగదిలోకి వెళ్ళి ప్లేట్లు తీసేసి వచ్చింది, అంతే, ఇక కబుర్లే కబుర్లు. నా పిచ్చుక నాకు తిరిగి వచ్చింది. ఆ గులాబీరంగు వస్తువు నోట్లో ఉన్నంతసేపూ నీ పిల్ల, తీస్తే నా పిల్ల అనిపించింది. నవ్వుకుంటే నవ్వుకో.

మర్నాడు పొద్దున పెట్టుకోబోతూ, ఇక్కడ కొంచెం గుచ్చుకుంటోందమ్మా అంది. ఆ ఒక్క మాట చాలింది నాకు. జాకెట్ల కొక్కేలు బిగించే పట్టకారు తీసుకుని ఆ వైరుని వదులు చేశాను. ఇరవై ఏళ్ళుగా నేను చేసే పని అదే కదా. ఎవరికి ఎక్కడ బిగుతైతే అక్కడ వదులు చేస్తాను. ఆ తర్వాత ప్లేటు నిలవలేదు, నోరు తెరిస్తే ఊడి నాలుక మీద పడేది.

ఇంతవరకూ పొరపాటు. మిగతాది పొరపాటు కాదు. మూడోరోజు అది, పిన్నికి ఫోను చేద్దామమ్మా, డాక్టరుని అడుగుతుంది అంది. పిన్ని అనే మాట వినగానే నాలో ఏదో రాజుకుంది. ఏం అక్కర్లేదు, నెలరోజులకి ఏమీ కాదు, పిన్నికి చెప్పకు అన్నాను. రెండు ప్లేట్లూ గుండీల డబ్బాలో పడేసి మూత పెట్టాను. రోజూ గుండీల కోసం ఆ డబ్బా తీసేదాన్ని, రోజూ అవి కనబడేవి. నీకు ఉత్తరం రాసిన రోజు కూడా కనబడ్డాయి.

అది నన్ను కాపాడడానికి నీతో అబద్ధమాడింది. నా చేతిమీద పడాల్సిన దెబ్బ దాని చెంప మీద పడింది. బెంచీ మీద కూర్చోబెట్టారని పాతికేళ్ళుగా నాన్నని, ఆ డాక్టరుని, నిన్ను తిట్టుకున్నాను. నా కూతుర్ని ఆ బెంచీ మీదే కూర్చోబెట్టబోయింది నేను.

డాక్టరుకి నా పేరే చెప్పు. దానికి ఈ ఉత్తరం చదివి వినిపించు.

అక్క

ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం చదివి వంటగదిలో గిన్నెలన్నీ మళ్ళీ తోమాను. చేతులు ఖాళీగా ఉంటే నీకు ఏం రాసేదాన్నో. అయినా రాస్తున్నాను. నీ ఈర్ష్య నీ ఇష్టం, నామీద ఎంతైనా పడు. దాని ఎముక మీద చూపించడానికి నీకు హక్కు లేదు. లాయరుగారి కోటు అనుకున్నావా దాని దవడని? కోటు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు.

నీ ఉత్తరం చదివి వినిపించాక, ఇక అబద్ధాలేవీ ఉంచకూడదని పిచ్చుక తీర్మానించింది కాబట్టి నాదీ ఒకటి చెబుతాను. అది ఆదివారాలు స్నానం చేయలేదు. ప్లేట్లు పెట్టుకుంటే దానికి 'స' సరిగ్గా పలకదు, నాలుక తడబడుతుంది. క్లాసులో ఇద్దరు ముగ్గురు వెక్కిరించారు. బిగ్గరగా చదువుతుంటే సర్దుకుంటుందని డాక్టరు అంది. రోజూ స్నానాలగదిలో తలుపేసుకుని బిగ్గరగా చదివేది. ఆదివారం తొమ్మిదిన్నర నుంచీ మరీ గట్టిగా చదివేది, నీతో మాట్లాడాలని. పదింటికి ఫోను మోగగానే ధైర్యం చాలేది కాదు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

ఎందుకని అడిగితే అది అన్న మాట ఇది: "నా మాట ఇలా ఉందని తెలిస్తే అమ్మ ప్లేట్లు తీయించేస్తుంది పిన్నీ. ఎవరికి బిగుతైనా తను చూస్తూ ఊరుకోదు. అమ్మకి ఎలాగూ ఆలస్యమైపోయింది, నాకు కాకూడదు."

నిన్ను నాకంటే బాగా ఎరుగును అది.

దాన్ని క్షమించమని అడిగాను. రాత్రి నా పక్కకొచ్చి పడుకుంది. కొత్త ప్లేటు వచ్చింది. ఆదివారం ఫోను దగ్గర ఉండు.

నీ చెల్లి

ఫిబ్రవరి 11

చెల్లికి,

మాట్లాడింది. ప్లేట్లు పెట్టుకునే మాట్లాడింది, అది నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలిసింది. సూది అన్నప్పుడు నాలుక కొద్దిగా జారింది. అయినా ఆపకుండా, సూదిలో దారం ఎక్కించి పెట్టావా అమ్మా, నేను లేకపోతే నీకు కనబడదుగా అంది. చెప్పులాయన స్టూలు జరిపి అటు తిరిగి నిలబడ్డాడు.

ప్లేట్లు తీయొద్దని చెప్పాను. ఎంత గుచ్చుకున్నా పిన్నికి చెప్పు, పిన్ని ఏం చెబితే అది చెయ్యి అన్నాను. ఆ మాట పళ్ళ బిగువునే అన్నాను, పళ్ళు కలవకపోయినా.

అక్క

జూన్ 15

అక్కకి,

మూడు. ఇవాళ పొద్దున కొలిచారు. మార్చిలో ఐదు, ఏప్రిల్లో నాలుగు, ఇప్పుడు మూడు. అంగిట్లో పుండు మానిపోయింది. దాని ఎదుగుదల మనకోసం ఆగి చూసినట్టుంది, ఈ ఏడు అది నాలుగు వేళ్ళ పొడుగు పెరిగింది. నువ్వు కుట్టిన ఆరు గౌన్లూ ఒక్కసారి కూడా వేసుకోకుండానే పొట్టయ్యాయి. ఇకనుంచీ రాత్రులు పెట్టుకుంటే చాలు. ఏడాది పాటు రాత్రులు మానకూడదు. వచ్చే ఆదివారం బావ వచ్చి తీసుకెళతానన్నాడు.

పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టి ఒకటి పెట్టాను, జాగ్రత్తగా విప్పు. మొదటిరోజు తీసిన దాని నోటి అచ్చు అది. సుద్దతో పోసిన పళ్ళు, పైవీ కిందివీ. అడిగి తెచ్చుకుని చదువుకునే బల్లమీద పెట్టుకుంది. నీమీద బెంగ కలిగినప్పుడల్లా రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని, అమ్మ నవ్వితే ఇలాగే ఉంటుంది పిన్నీ అనేది. ఇంట్లో వండి పెట్టేది నేను, దగ్గర కూర్చుని లెక్కలు చెప్పేది నేను, అది ముద్దు చేసేది ఆ సుద్దముక్కని. నవంబరులో ఒకరోజు ఉండబట్టలేక తీసి నా దుప్పట్ల కింద దాచేశాను. నాకు తెలియదన్నాను. అది ఇల్లంతా వెతికింది, చెత్తబుట్ట కూడా వెతికింది.

ఫిబ్రవరిలో నిన్ను అన్నేసి మాటలంటూ ఉత్తరం రాసినప్పుడు ఆ అచ్చు నా దుప్పట్ల కిందే ఉంది. నిన్న తీసి ఇచ్చి నిజం చెప్పాను. అది రెండు ముక్కలూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకుంది.

ఆదివారం తర్వాత నేను ఎవరితో మాట్లాడాలో నాకు తెలియడం లేదు. ఇది నీమీద ఈర్ష్యే, వేరే పేరు పెట్టను.

నీ చెల్లి

నవంబరు 24

చెల్లికి,

అచ్చుని మిషను పక్కన పెట్టుకున్నాను. కొలతలకి వచ్చినవాళ్ళు ఎవరి పళ్ళండీ అని అడుగుతారు. నావే అంటున్నాను. ఎవరూ అబద్ధం అనుకోలేదు.

నిన్న లాయరుగారి కోటుకి గుండీ కుడుతున్నాను. ముడి వేసి, కత్తెర కోసం మెడ దగ్గరికి చెయ్యి పోనిచ్చేలోగా పిచ్చుక వంగి, ముందు పళ్ళతో దారాన్ని పుటుక్కున తెంపేసింది. ఎంత సులువుగా తెంపిందో. ఒక్క క్షణం దానిమీద కూడా ఈర్ష్య కలిగింది నాకు, కన్నకూతురి మీద. సిగ్గేసింది. తర్వాత అవసరం లేకపోయినా ఇంకో గుండీ కుట్టి, దారాన్ని దాని నోటిముందు పెట్టాను.

పోలిక సంగతి నేను తప్పు రాశాను. నోరు మూసుకుంటే నీలా ఉంటుంది. నవ్వితే మాత్రం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది, నాలాగే. ఏం దాచుకుంటున్నావే అంటే తనకే తెలియదు. ఆ అలవాటు మాన్పించాలి. ముందు నేను మానితే గాని అది మానదు. మొన్న చెప్పులాయన ఏదో అంటే చేతులు రెండూ కోటు కింద పెట్టుకుని నవ్వాను. ఆయన కంగారుపడలేదు.

దానికి డిసెంబరు సెలవులు. శనివారం రైలెక్కిస్తున్నాను. నెలరోజులూ నీ దగ్గరే ఉంటుంది. రెండోవారంలోనే ఎప్పుడు పంపుతావని అడగను. ఆదివారం పదింటికి మాత్రం ఫోను చేస్తాను, దాని స్నానం తొమ్మిదింటికే కానిచ్చెయ్యి.

ప్లేట్లు దాని చేతిసంచీలో ఉన్నాయి. రాత్రులు తప్పకుండా పెట్టించు. నిన్న ఇక్కడి పళ్ళు పీకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నా కళ్ళముందే కొలిపించాను. సరిగ్గా మూడు. తిరిగి వచ్చేటప్పుడు కూడా మూడే ఉండాలి. రాగానే కొలిపిస్తాను.

నీ అక్క